రేసులో పస లేదన్న మావయ్య

ఆ ఆదివారం సాయంత్రం రేసు సగం కూడా కాకముందే మా మావయ్య రిమోటు సోఫాలో పడేసి, "ఇందులో ఏటీ లేదమ్మా. పస పోయింది" అని లేచిపోయారు. చెప్పులు తొడుక్కుని వరండాలోకి వెళ్ళి, రోడ్డు వైపు ముఖం పెట్టుకుని కూర్చున్నారు. నేను వంటింటి గుమ్మంలో ఉల్లిపాయ పకోడీల పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. టీవీలో కార్లు వాటి మానాన అవి తిరుగుతున్నాయి.

ఇంట్లో పెద్దాయన టీవీ చూడడం మానేస్తే లోకమేమీ మునిగిపోదు. మా ఖరగ్‌పూర్ తాల్‌బగీచా పేటలో రైల్వేలో రిటైరై ఇళ్ళు కట్టుకున్నవాళ్ళంతా సాయంత్రాలు వరండాల్లోనే ఉంటారు. కానీ నాకు మాత్రం అది చిన్న సంగతి కాదు. వారం మొత్తంలో ఆయనా నేనూ మాట్లాడుకునేది ఆ రేసు నడిచినంతసేపే. అది కూడా పోతే ఈ మావకీ కోడలికీ మధ్య ఇక మిగిలేది "టీ పెట్టాను మావయ్యా", "అక్కడుంచమ్మా", అంతే.

నేను ఈ ఊరి కోడలిగా వచ్చేనాటికి కార్ల రేసంటే ఏమిటో నాకు తెలీదు. మాది శ్రీకాకుళం వైపు. మా వైపు కోడలు మావగారి ఎదురుగా కూర్చోదు. ఆయన ముందు గొంతు లేవదు. ఆయన హాల్లో ఉంటే తను వంటింట్లో ఉంటుంది, మాట్లాడాల్సి వస్తే గుమ్మం చాటున నిలబడి, వినపడీ వినపడనట్టు రెండు ముక్కలు చెప్పి తప్పుకుంటుంది. మా అమ్మ నన్ను పంపేటప్పుడు చీరలు సర్దుతూ చెప్పిందంతా ఇదే. నిజానికి అక్కడ మా ఊళ్ళో ఇప్పుడు ఇవన్నీ పోయాయి. మా వదిన మా నాన్న పక్కనే కూర్చుని సీరియల్ చూస్తుంది, రిమోటు కోసం ఆయనతో గొడవ కూడా పెట్టుకుంటుంది. కానీ ఖరగ్‌పూర్‌లో మా వాళ్ళు ఉన్నారే, తాతల నాడు రైల్వే వర్క్‌షాపు పనికొచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళు, బెంగాలీ మాట్లాడతారు, చేపల కూరలో ఆవ నూరి వేస్తారు, పిల్లలకి హిందీలో లెక్కలు చెబుతారు, ఈ పద్ధతుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఊళ్ళో ఉన్నవాళ్ళకంటే రెండాకులు ఎక్కువే చదివారు. మా అత్త దగ్గర మా వదిన పప్పులు ఉడకవు.

మా ఆయన గూడ్సు బండి నడుపుతారు. ఆయనకి ఆదివారం, పండగ అన్నీ ఒకటే. మా అత్త ప్రతి ఆదివారం సాయంత్రం న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో మన తెలుగువాళ్ళ గుడికి భజనకి వెళుతుంది. మా అమ్మాయి పుట్టాక దాన్ని కూడా తీసుకుపోవడం మొదలుపెట్టింది. దాంతో ఇంట్లో మిగిలేది మావయ్య, టీవీ, నేను.

మావయ్య వర్క్‌షాపులో డీజిల్ ఇంజన్లు విప్పి బాగుచేసే సెక్షన్లో పనిచేశారు. కేబుల్ టీవీ వచ్చిన కొత్తలో తోటి పనివాళ్ళలో ఎవరో బెంగాలీ దాదా ఇంట్లో ఫార్ములా వన్ రేసు చూశారట. ఇక ఆ పిచ్చి ఆయన్ని వదల్లేదు. ఊరంతా క్రికెట్, వీధి చివర బెంగాలీలు ఫుట్‌బాల్, మా మావయ్య ఒక్కరే కార్లు. మాట్లాడడానికి తోడు లేని ఇష్టం అది. ఇంగ్లీషు కామెంటరీ ఆయనకి సగం అర్థమయ్యేది, మిగతా సగం ఆయనే పూరించుకునేవారు.

పెళ్ళయిన కొత్తలో ఒక ఆదివారం గుమ్మం పక్కన నిలబడి చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. టీవీలో ఒక కారు బాగా పరిగెడుతూ పరిగెడుతూ పక్క దారిలోకి తిరిగి ఆగిపోయింది. ఒక గుంపు మనుషులు దాని మీద పడి నాలుగు చక్రాలూ పీకేశారు. పాపం అనిపించింది. "సెడిపోనాదేటి" అన్నాను, ఎవరితోనో కాదు, నాలో నేనే. మావయ్య వెనక్కి తిరక్కుండానే, టీవీకి చెబుతున్నట్టు అన్నారు. "సెడిపోలేదమ్మా. టైర్లు అరిగిపోనాయి, మార్సుతున్నారు. సూడు, అయిపోనాది కూడా." చూద్దును కదా, కారు వెళ్ళిపోయింది. నేను ఒక చిక్కుడుకాయ కూడా పూర్తిగా ఒలవలేదు.

అలా మొదలైంది మా మాట. నేను గుమ్మంలోంచి ఆయన తల వెనక భాగాన్ని అడిగేదాన్ని, ఆయన టీవీకి జవాబు చెప్పేవారు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన వెనక్కి తిరిగి నన్ను చూసి మాట్లాడలేదు. ఆయన తిరిగితే నేను లోపలికి తప్పుకోవాలి. తప్పుకుంటే రేసు కనబడదు. ఆ సంగతి ఆయనకి తెలుసు, అందుకే తిరిగేవారు కాదు. కొత్త ఊళ్ళో భాష రాక, మొగుడు ఇంట్లో ఉండక, రోజంతా నోరు మూసుకుని ఉన్న పిల్లకి అది ఎంత పెద్ద దయో నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆయన అన్నీ రైల్వే లెక్కలో చెప్పేవారు. వెనకబడిన కారుకి నీలం జెండా చూపిస్తే, "గూడ్సుని పక్క లూపు లైన్లో పెట్టి ఎక్స్‌ప్రెస్‌ని వదుల్తారు కదా, ఇదీ అంతే" అనేవారు. గుద్దుకున్న కార్లు తీసేదాకా మిగతావన్నీ ఒక కారు వెనక బుద్ధిగా నడిస్తే, "ట్రాకు మీద పని జరుగుతంది. మెల్లగా పొమ్మని ఆర్డరు" అనేవారు. నాకు చక్కగా ఎక్కేది. మా ఆయన ఇంటికొచ్చి డ్యూటీ సంగతులు చెబుతుంటే, కార్ల రేసు వల్లే నాకవి అర్థమయ్యేవి. ఇది మా ఆయనకి చెబితే నవ్వుతారు.

మావయ్య జోస్యాలు మాత్రం ఒక్కటీ ఫలించేవి కావు. "ఈసారి ఎర్ర కారే" అంటే ఎర్ర కారు గోతిలో పడాల్సిందే. "పోయినసారీ అదే అన్నారు" అని గుమ్మంలోంచి మెల్లగా అనేదాన్ని. ముఖం కనబడేది కాదు గానీ, ఆయన భుజాలు కదిలేవి. నవ్వుతున్నారని తెలిసేది. నేను చివరి వరసలో ఉండే ఒక టీమ్ కుర్రాణ్ణి పట్టుకున్నాను. ఎప్పుడూ ఆఖరి నుంచి రెండో మూడో ఉండేవాడు. "అందరూ గెలిసేవోణ్ణి ఎంచుకుంటారు. నీకిదేటమ్మా" అనేవారు మావయ్య. గెలిచేవాడికి నేనెందుకు, చాలామంది ఉన్నారు కదా అనేదాన్ని. కొన్నాళ్ళకి ఆయన కూడా వాణ్ణి "మనోడు" అనడం మొదలుపెట్టారు.

తర్వాత తర్వాత రేసు మారింది. ఇంజన్లు మార్చారు. మునుపు ఆ కార్లు కూస్తుంటే మా షోకేసులో గాజు గ్లాసులు అదిరేవి. కొత్తవి అలా కావు. "కుట్టు మిషన్లు పరిగెడతన్నట్టుంది" అని మావయ్య మొదటిసారి గొణిగింది అప్పుడే. ఆ పైన గొణుగుడు పెరిగింది. ఒకే టీమ్ ఏళ్ళ తరబడి గెలుస్తుంది. కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళు ఎప్పుడు టైరు మార్చాలో చెబుతారు, ఎప్పుడు నెమ్మదిగా పోవాలో కూడా వాళ్ళే చెబుతారు. ముందు కారుని దాటాలంటే వెనక రెక్క తెరుచుకుంటుంది, మీట నొక్కితే సరి. ఇదివరకు సగం కార్లు పొగలు కక్కి దారిలోనే ఆగిపోయేవి, చివరిదాకా ఎవడు మిగులుతాడో తెలిసేది కాదు. ఇప్పుడు అన్నీ వెళ్ళినవి వెళ్ళినట్టే తిరిగొస్తాయి. "రాజధాని ఎక్స్‌ప్రెస్ టయానికొచ్చినట్టుంటే అది రేసేటి" అనేవారు.

ఆయన ఒక్కరే అనేమాటా కాదు. లోకమంతా అదే అంటోంది. టీవీ ఛానల్లో రేసులు రావడం ఆగిపోయి, మా ఆయన నా ఫోన్లోంచి టీవీకి కలిపే ఏర్పాటు చేశాక, రేసు కింద జనం రాసే కామెంట్లు చదివేదాన్ని. నిద్రొస్తోందని ఒకడు, పాత రోజులే రోజులని ఒకడు. నా మట్టుకు నాకు అంత అనిపించలేదు. ముందున్నవాణ్ణే చూస్తూ కూర్చుంటే విసుగే. కాస్త వెనక్కి చూస్తే, ఏడో చోటుకీ ఎనిమిదో చోటుకీ కుళాయి దగ్గర బిందెల వరసలో జరిగేంత యుద్ధం జరుగుతుంటుంది. ఆ మాట గుమ్మంలోంచి ఒకసారి అన్నాను కూడా. మావయ్య రిమోటు అందుకుని సౌండు పెంచారు.

అప్పటికే ఆయన జవాబులు తేడాగా వస్తున్నాయి. "మనోడు టైర్లు ఎప్పుడు మార్సుతాడు మావయ్యా" అని అడిగితే, "అవునమ్మా, ఆ మూడో మలుపు శానా కష్టం" అనేవారు. మనసు రేసు మీద లేదనుకునేదాన్ని. టీవీ సౌండు పెంచేవారు. ఇప్పటి కార్లకి గొంతు లేదు, పెంచాలి మరి అనేవారు. అది నిజమే కదా, నేనూ నమ్మాను. తర్వాత జవాబులు కూడా తగ్గి, దేనికైనా "ఊఁ" ఒక్కటే మిగిలింది. ఆ తర్వాతే ఆ రిమోటు పడేసిన ఆదివారం.

ఆయన వరండాలో, నేను హాల్లో. మరుసటి రేసుకి నేనొక్కదాన్నే సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. అత్త లేదు, ఎవరూ చూసేవాళ్ళు లేరు. హాయిగా ఉండాలి. కానీ చప్పగా ఉంది. ఒక కారు ఎందుకో మలుపు దగ్గర ఆగింది, అడుగుదామని నోరు తెరిచి మూసుకున్నాను. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది. ఆయనకి విసుగొచ్చింది రేసంటే కాదు, నేనంటేనేమో అనిపించింది. ఇన్నేళ్ళుగా అవే ప్రశ్నలు, టైర్లెందుకు మార్చారు, జెండా ఎందుకు ఊపారు. ఎవరికి మాత్రం విసుగు రాదు.

ఊరుకోలేక కొన్ని వేషాలు వేశాను. ఫోను టీవీకి కలవడం లేదని చెప్పాను. వచ్చి కలిపేసి మళ్ళీ వరండాలోకి వెళ్ళిపోయారు. ఆయనకిష్టమని బొబ్బర్ల వడలు చేసి హాల్లో టేబుల్ మీద పెట్టాను. పళ్ళెం పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. మా ఆయన డ్యూటీ దిగి వచ్చాక చెప్పాను. "నాన సెప్పింది కరెక్టే" అన్నారాయన సాక్సులు విప్పుతూ. "ఇప్పుడెవులు సూస్తన్నారు? మొదలవకముందే ఎవుడు గెలుస్తాడో తెలిసిపోతాది. మా కుర్రోళ్ళు కూడా మానీసినారు." అత్తకి చెబితే, "వయసు మీద పడ్డాక దేని మీదా మోజుండదు. దానికి నువ్వంతలా ఇదయిపోతావేటి" అంది. ఇద్దరూ మామూలుగా చెప్పిన మాటలే ఇవి, మా వీధి చివరికి వినబడి ఉంటాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వర్క్‌షాపు మనుషులు మామూలుగా మాట్లాడరు. సుత్తి దెబ్బల మధ్య బతికినవాళ్ళు, గోల్‌బజార్లో కూరగాయలు బేరమాడినా తగువాడుతున్నట్టే ఉంటుంది. వాళ్ళ పెళ్ళాలు వాళ్ళకి తగ్గట్టే తయారవుతారు. మా అత్త దేవుడికి దండం పెట్టుకున్నా పక్కింటికి వినిపిస్తుంది. మా ఆయన ఇంజన్లో కూతల మధ్య అరిచి అరిచి ఇంట్లోనూ అంతే. మా అమ్మాయిదీ ఆ పెంపకమే. ఆ ఇంట్లో మెల్లగా మాట్లాడే మనిషిని నేనొక్కదాన్నే. అదీ మావయ్య దగ్గరే.

వానాకాలంలో ఒక ఆదివారం. ఇక్కడా వాన పడి వెలిసింది, అక్కడ రేసులోనూ వాన మొదలైంది. వానలో రేసంటే ఎవడు ఎక్కడ జారతాడో దేవుడికే తెలియాలి. నేను సోఫా అంచుకి జరిగాను. రెండు కార్లు గిర్రున తిరిగి గడ్డిలోకి పోయాయి. ఇంకో రెండు ఒకదాన్నొకటి రాసుకున్నాయి. కిందనున్న పేర్ల వరసలో మనోడి పేరు పైకి, ఇంకా పైకి జరుగుతోంది. మూడో చోటుకి వచ్చేసరికి నాకు ఒళ్ళు తెలియలేదు. వరండా తలుపు దగ్గరికి పరిగెత్తి, పొలం గట్టు మీద నుంచి కేకేసినట్టు కేకేశాను. "మావయ్యా, మనోడు మూడో ప్లేసులోకొచ్చీసినాడు."

ఆయన దిగ్గున లేచారు. ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది. లోపలికొచ్చి టీవీ ముందు నిలబడి, "ఎలగ? వాన టైర్లు ముందే ఏసీసినాడేటి" అన్నారు. ఆ ముఖం చూడాలి. పస పోయిందన్న మనిషి ముఖం కాదది. ఆయన హాల్లోకి రాగానే నాకు నా చోటు గుర్తొచ్చి గుమ్మంలోకి తప్పుకున్నాను. గొంతు కూడా దానంతటదే తగ్గింది. "అందరికన్నా ఒక రౌండు ముందే మార్సీసినాడు మావయ్యా" అన్నాను.

"ఆ నీలంరంగోడా? ఆడు ఎనకున్నాడు గావాల" అన్నారు.

నేను అడగని నీలం రంగువాడు ఎక్కణ్ణుంచి వచ్చాడా అనుకుని, చెప్పిందే మళ్ళీ చెప్పాను. అప్పుడు ఎన్నడూ లేనిది ఆయన సగం వెనక్కి తిరిగి, నా పెదాల వైపు చూశారు. చటుక్కున మళ్ళీ టీవీ వైపు తిరిగి, "అవునవును, వానే" అన్నారు.

నాకు అనుమానం వచ్చింది. వెళ్ళి టీవీ సౌండు పూర్తిగా తీసేశాను. కార్లు నీళ్ళు చిమ్ముకుంటూ చప్పుడు లేకుండా తిరుగుతున్నాయి. గది నిశ్శబ్దంగా ఉంది. ఆయన వెనక, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి, ఎప్పటి గొంతుతోనే అన్నాను. "మావయ్యా, నా మాట ఇనబడతందా?"

ఆయన టీవీ చూస్తున్నారు. ఇంకోసారి, ఇంకొంచెం గట్టిగా అడిగాను. ఆయన తల కదల్లేదు. అప్పుడు ముందుకు వెళ్ళి, ఆయన ఎదురుగా నిలబడి, గొంతు చించుకుని అడిగాను.

ఆయన ఉలిక్కిపడ్డారు. "ఇనబడతందమ్మా, అలగ అరుస్తావేటి" అని, నా ముఖం చూసి ఆగిపోయారు. సోఫాలో కూర్చుని కాసేపు అరచేతులు చూసుకున్నారు.

"నీది సన్న గొంతమ్మా" అన్నారు చివరికి. "మీ అత్త మాట ఇనబడతాది. నీ మొగుడిదీ ఇనబడతాది, మీ గుంటదీ ఇనబడతాది. నీదొక్కటే అందడం లేదు. శానాళ్ళయింది."

"గట్టిగా మాటాడమ్మా అని ఒక్క మాట సెప్పొచ్చు కదా మావయ్యా" అని అరిచాను. ఇక అంతా అరుపే.

"ఎలగ సెప్తాను? మావ ముందు గొంతు లెగకూడదని మీ అమ్మ నేర్పి పంపినాది. నువ్వదే పాటిస్తన్నావు. నాకాడ గొంతు లేపు అని కోడల్ని నానే అడగడం బాగుంటాదా?"

"మరి రేసులో పస లేదన్నారు?"

"అందరూ అంటన్నదే గదా. అలగంటే ఎవులూ మరేటీ అడగరు." ఎటో చూస్తూ అన్నారు. "నువ్వేదో అడుగుతావు. నాను అంచనాగా ఏదో సెప్తాను. నువ్వు ఊరుకుండిపోతావు. అప్పుడు తెలుస్తాది, మల్లీ తప్పు సెప్పీసినానని. ఎన్ని ఆదివారాలు అలగ కూకోను సెప్పు."

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలీదు. మా అమ్మ మీద, మా అత్త మీద, ఆ గుమ్మం మీద, ఈయన మీద. ఆయన నన్ను వద్దనుకున్నారని నేను, తప్పు జవాబులు చెబుతున్నానని సిగ్గుపడి ఆయన, చెరో చోట కూర్చుని ఎన్ని రేసులు పాడుచేసుకున్నాం. అదంతా గుక్క తిప్పుకోకుండా ఆయన ముఖం మీదే అరిచేశాను. చెంపల మీద కన్నీళ్ళు, నోట్లో దెబ్బలాట. ఆయన ఒక్క ముక్క కూడా పోగొట్టుకోకుండా విన్నారు. వింటూ వింటూ భుజాలు కదిలించడం మొదలుపెట్టారు.

పక్కింటి బెంగాలీ పిన్నిగారు, మేం కాకీమా అంటాం, పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. "కీ హోలో బౌమా" అని గుమ్మంలో నిలబడిపోయింది. ఏమైంది కోడలా అని అడుగుతోంది పాపం, అరిచేది నేను, నవ్వేది ఆయన, ఎవరిని విడదీయాలో ఆమెకి తెలియలేదు. ఆమె వెనకే గేటు దగ్గర మా అత్త, ఒక చేతిలో ప్రసాదం గిన్నె, ఇంకో చేతిలో మా అమ్మాయి చెయ్యి. వీధి మొదట్లోనే నా గొంతు విని ఉంటుంది. ఆవిడ ముఖంలో రక్తం లేదు. ఆ వంశంలో కోడలు మావగారి మీద అరవడం అదే మొదటిసారి.

"అరవనీ" అన్నారు మావయ్య కూర్చున్నచోటు నుంచే. "నాకు ఇనబడతంది. అరవనీ."

అత్త గిన్నె దించి, సంగతంతా విని, మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. తనకి తెలియకుండా ఇంట్లో ఇంత జరిగిందే అన్న బాధ కూడా ఉందనుకుంటాను. చివరికి వీధిలో తొంగిచూస్తున్నవాళ్ళ వైపు చూసి, "నిలబడి అరిస్తే ఈదంతా సూస్తన్నాది. కూకుని అరువు" అంది. అలా మావగారి ముందు కూర్చునే హక్కు నాకు అత్త నోటి నుంచే వచ్చింది. మనోడు ఆ రోజు ఎన్నో చోట ముగించాడో మాలో ఎవరం చూడలేదు.

ఆ తర్వాత చెవి పరీక్ష, డాక్టరు, చెవి వెనక చిన్న మిషన్, అన్నీ జరిగాయి. బజారుకీ, పెళ్ళిళ్ళకీ, పాత దాదాలతో కబుర్లకీ అది పెట్టుకునే వెళ్తారు. ఆదివారం మాత్రం తీసి డబ్బాలో పెట్టేస్తారు. అందులో నా మాట రేడియోలోంచి వచ్చినట్టుంటుందట, మనిషిలోంచి వచ్చినట్టు ఉండదట. కాబట్టి నేను అరవాలి. అరుస్తాను. రేసు జరుగుతోందని మా వీధి మొత్తానికీ తెలుస్తుంది. కాకీమా ఇప్పుడు కంగారుపడదు, ఎవరు గెలుస్తున్నారని గోడ అవతల నుంచి అడుగుతుంది.

మొన్నటి ఆదివారం రేసు మాత్రం, చెప్పకూడదు గానీ, మరీ ఘోరం. మొదటి మలుపులో ముందుకెళ్ళినవాడు వెనక్కి చూడలేదు. వెనకవాళ్ళు కూడా బుద్ధిగా వరసలో పోతున్నారు, దాటేవాడు లేడు, జారేవాడు లేడు. నా కుళాయి యుద్ధాలు కూడా లేవు. ఫోన్లో జనం తిట్టిపోస్తున్నారు. మనోడు రేసుల నుంచే ఎప్పుడో రిటైరైపోయాడు. నాకు ఆవలింతలు ఆగడం లేదు. ఇన్నాళ్ళూ కాదనుకుంటూ వచ్చినదాన్ని, ఆ రోజు ఇక ఒప్పుకోక తప్పలేదు.

"మావయ్యా, మీరు అప్పుడన్నది నిజమే" అని అరిచాను. "ఇందులో నిజంగానే ఏటీ లేదు. కట్టీమంటారా?"

ఆయన టీవీ మీద నుంచి చూపు తిప్పలేదు. రిమోటు మాత్రం తీసి తన పక్కన పెట్టుకున్నారు.

"ఉండనీ అమ్మా" అన్నారు. "నువ్వింకా ఏటీ అడగనేదు కదా."